నాజూకు తెలిసిన చెయ్యి



ఈ పూట ఒక్క మాట గురించి చెప్పుకుందాం. ఆ మాట నాజూకు.

కర్నూలు వైపైనా, కడప వైపైనా ఈ మాట వినని ఇల్లు ఉండదు. నగల అంగట్లో సన్న గొలుసు చేతికి తీసుకుని, ఎంత నాజూకుగా ఉందో అంటారు. తిరునాళ్లలో కొన్న గాజుల పొట్లం విప్పుతుంటే, నాజూకుగా తియ్యమ్మా అంటారు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా వస్తే, ఇది నాజూకైన వ్యవహారం, తొందరపడొద్దప్పా అని పెద్దమనిషి చెప్తాడు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో రోగి పరిస్థితి విషమంగా ఉంటే, హాలత్ నాజుక్ అంటారు.

గొలుసు ఒకటి. గాజు ఒకటి. తగాదా ఒకటి. మనిషి ప్రాణం ఒకటి. నాలుగూ వేరు వేరు. వాటిని చెప్పే మాట మాత్రం ఒక్కటే. ఈ నాలుగింటినీ కలిపేది ఏమిటి?

ఇవన్నీ తొందరగా దెబ్బ తింటాయి, అందుకే నాజూకు అంటాం అని మీరు చెప్పవచ్చు. నిజమే. కానీ అది సగం సంగతి. మిగతా సగం మన చేతిలో ఉంది. ఒక వస్తువును నాజూకు అన్నామంటే, దాన్ని పట్టుకునే తీరు ఒకటి ఉందని చెప్తున్నాం. ఆ తీరు తెలుసుకుని చెయ్యి పెట్టమని చెప్తున్నాం.

ఈ ప్రసంగమంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. నాజూకు అంటే బలం లేనిదని కాదు. నాజూకు అంటే పట్టు తెలిసి ముట్టుకోవాల్సింది.

మొదట మాట సంగతి చూద్దాం. మన భాషలో మెత్తదనాన్ని చెప్పే మాటలు చాలానే ఉన్నాయి. ప్రతి మాటకూ దాని చోటు ఉంది. సంతలో వంకాయలు ఏరుకునేటప్పుడు లేత వంకాయలు అంటాం. నాజూకు వంకాయలు అనం. లేత అనే మాట వయసు చెప్తుంది. ఇడ్లీ మెత్తగా ఉంది అంటాం. నాజూకుగా ఉంది అనం. మెత్తన అనే మాట వేలికి తగిలేదాన్ని చెప్తుంది. సుకుమారం అనే మాట సంస్కృతం నుంచి వచ్చింది. దాన్ని ఎక్కువగా మనుషుల గురించి, పూల గురించి, కావ్యాల్లో, పాటల్లో వింటాం. సున్నితం అనే మాటను మనసు గురించి, చర్మం గురించి వాడతాం. బంగారం తూచే కాటాను సున్నితపు త్రాసు అంటాం.

మరి నాజూకు? నాజూకు అనే మాట తయారీని చెప్తుంది. వాడకాన్ని చెప్తుంది. నాజూకు గొలుసు అన్నప్పుడు కంసాలి పనితనం అందులో ఉంది. నాజూకుగా తియ్యి అన్నప్పుడు తీసే చెయ్యి అందులో ఉంది. అందుకే ఈ మాట పక్కన ఎప్పుడూ ఒక పని కనిపిస్తుంది. నాజూకుగా విప్పు. నాజూకుగా అడుగు. నాజూకుగా చెప్పు. నాజూకుగా తేల్చు. దీనికి ఎదురు మాట మొరటు. మొరటు చెయ్యి అంటాం. మొరటు మాట అంటాం. అదీ పని చేసే తీరు గురించిందే.

ఈ మాట మనకు పారశీకం నుంచి, ఉర్దూ మీదుగా వచ్చింది. 1565లో విజయనగరం దెబ్బ తిన్న తర్వాత ఈ ప్రాంతం మెల్లమెల్లగా సుల్తానుల చేతుల్లోకి, ఆ తర్వాత మొగలుల చేతుల్లోకి పోయింది. కడపలో మయానా నవాబులు ఏలినారు. కర్నూలులో నవాబుల పాలన 1839 దాకా సాగింది. కచేరీ రాతల్లో పారశీకం నడిచింది. బజారులో, దండులో దక్కనీ ఉర్దూ నడిచింది. జిల్లా, తాలూకా, దస్తావేజు, వసూలు అనే కచేరీ మాటలన్నీ ఆ తోవలో తెలుగులోకి వచ్చినవే. వాటితోపాటు మరికొన్ని మాటలు కూడా వచ్చినాయి. జరీ వచ్చింది. మఖమలు వచ్చింది. అత్తరు వచ్చింది. గులాబీ వచ్చింది. నాజూకు ఈ వరసలో మాట. చక్కని వస్తువులతో కలిసి వచ్చి, ఆ వస్తువులను ఎట్లా చూసుకోవాలో చెప్పే మాట.

ఇట్లాంటి మాటలను శ్రద్ధగా పట్టించుకున్న మనిషి మన కడపలోనే ఉన్నాడు. ఆయన సి.పి. బ్రౌను. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినాడు. ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టుకుని, తాళపత్రాలు సేకరించి, పుస్తకాలు సరిచూయించినాడు. 1852లో ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1854లో, ఇంకో నిఘంటువు తెచ్చినాడు. అది తెలుగులో కలిసిపోయిన పరభాషా మాటల కోసం ప్రత్యేకంగా చేసింది. దాన్ని మిశ్రభాషా నిఘంటువు అంటారు. కచేరీకి వచ్చే రైతు నోట, బజారులో వర్తకుని నోట వచ్చే మాట కూడా తెలుగే అని ఆయన గుర్తించినాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈనాడు కడపలో బ్రౌను పేరుతో భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది.

నాజూకు మన దగ్గరికి మాత్రమే రాలేదు. మరాఠీలో ఉంది. కన్నడంలో ఉంది. హిందీలో ఉంది. ఈనాటి ఇరాన్‌లో ఆ మాటకు పలచనిది, సన్ననిది అని అర్థం. తుర్కీ దేశంలో అదే మాటను కొంచెం మార్చి నాజిక్ అంటారు. అక్కడ మర్యాద తెలిసిన మనిషిని నాజిక్ అంటారు. ఒక చోట వస్తువు పలచదనం, ఇంకో చోట మనిషి మర్యాద. మన సీమలో ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో బతుకుతున్నాయి. వస్తువు నాజూకుగా ఉంటే, మనిషి నడత కూడా నాజూకుగా ఉండాలి.

ఇక ఉదాహరణలకు వద్దాం. మొదట రాయితో మొదలుపెడతాను. రాయిలో నాజూకు ఏముంటుంది అనుకోకండి. ఉంది.

కడప బండ మీకందరికీ తెలుసు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, మైలవరం వైపు తీస్తారు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో బేతంచెర్ల వైపు తీస్తారు. నాపరాయి అని కూడా అంటాం. అది సున్నపురాయి. భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొర చూసుకుని ఉలితో, గడ్డపారతో విడదీస్తారు. మన ఇళ్లలో నేల అదే. అరుగు అదే. వంటగట్టు అదే. దాని మీద రోలు పెట్టి దంచినా ఏమీ కాదు. ధాన్యం మూటలు పేర్చినా ఏమీ కాదు.

అంత గట్టి బండను ఇద్దరు మనుషులు రెండు కొసలూ పట్టుకుని, పళ్లెం మోసినట్టు పడుకోబెట్టి మోస్తే ఏమవుతుంది? నడిమికి టక్కున విరుగుతుంది. అదే బండను అంచు మీద నిలబెట్టి మోస్తే విరగదు. బండల లారీని చూడండి. బండలన్నీ నిలువుగా ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. కారణం ఏమిటంటే, రాయి అదుముడును బాగా ఓర్చుకుంటుంది. వంగుడును ఓర్చుకోలేదు. నేల పరిచేటప్పుడు కూడా అంతే. బండ కింద ఇసుక, సున్నం సరిగా కూరకుండా బోలు వదిలితే, ఆ బోలు దగ్గరే పగులుతుంది. తాపీ పనివాళ్లు బండను తట్టి చప్పుడు వినేది అందుకే.

ఇంకో సంగతి. వంటగట్టు మీద నిమ్మకాయ కోసి, ఆ రసం అట్లే వదిలేస్తే, తెల్లారేసరికి మచ్చ పడుతుంది. చింతపండు పులుసు ఒలికినా అంతే. సున్నపురాయికి పులుపు పడదు. పులుపు దాన్ని తినేస్తుంది. వెంటనే తుడిస్తే ఏమీ లేదు. రోలు దెబ్బలు ఓర్చుకున్న బండ, నిమ్మ రసానికి లొంగిపోతుంది.

చూడండి. గట్టి వస్తువుకు కూడా ఒక నాజూకు ఉంది. అది ఎక్కడుందో తెలిస్తే బండ తరాలు నిలుస్తుంది. తెలియకపోతే ఇంటికి చేరకముందే ముక్కలవుతుంది.

ఇప్పుడు రాయి నుంచి ఆకు దగ్గరికి పోదాం. తమలపాకు. కడప దగ్గర చెన్నూరు తమలపాకుకు పేరు. మన ఎండల సంగతి మీకు తెలుసు. వేసవిలో 44 డిగ్రీలు దాటిపోతుంది. వడగాలి ముఖాన కొడుతుంది. ఆ ఎండలో ఈ ఆకు ఎట్లా బతుకుతోంది?

ఆకుతోటలోకి అడుగుపెడితే అర్థమవుతుంది. ముందు అవిశె చెట్లు పెంచుతారు. వాటి నీడలో, వాటి మానుకే తీగను పాకిస్తారు. తీగ పెరిగేకొద్దీ జంబు గడ్డితోనో, నారతోనో వదులుగా కడతారు. గట్టిగా బిగిస్తే తీగ తెగుతుంది. కట్టకపోతే జారిపోతుంది. నేలలో తేమ ఆరకూడదు. నీళ్లు నిలవనూ కూడదు. నిలిస్తే వేరు కుళ్లుతుంది. చుట్టూ దడి కట్టి వడగాలిని ఆపుతారు.

ఆకు కోసేటప్పుడు ఆకును లాగరు. కాడతో సహా గోటితో గిల్లుతారు. ఆకు నలిగితే ఆ నలిగిన చోట నల్లబడుతుంది. అక్కడి నుంచి కుళ్లు మొదలవుతుంది. కట్టలు కట్టి, బుట్టలో ఆకులు పరిచి, తడిగుడ్డ కప్పి సంతకు పంపుతారు. దోవలో నీళ్లు చిలకరిస్తారు. ఇంటికి తెచ్చుకున్న తర్వాత మనం చేసేదీ అదే. తడిగుడ్డలో చుడతాం.

ఇంత ఎండ భూమిలో ఇంత నాజూకు ఆకు పండుతోందంటే, ఆకు బలంతో కాదు. రైతుకు దాని పట్టు తెలుసు. నీడ ఎంత, నీళ్లు ఎంత, ముడి ఎంత బిగువు అనేది తెలుసు. మన మెట్ట సీమ రైతును మొరటువాడు అనేవాళ్లు ఒక్కసారి ఆకుతోట చూసి రావాలి.

మూడో ఉదాహరణ నూలు పోగు. ఎమ్మిగనూరు పేరు చెప్తే మగ్గం గుర్తుకొస్తుంది. అక్కడ 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టినారు. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతా పోయినాయి. కడప జిల్లాలో సిద్ధవటం, ఒంటిమిట్ట వైపు మాధవరంలో చీరలు నేస్తారు. కర్నూలు దగ్గర కోడుమూరులో నేస్తారు.

నేతగాడికి రోజంతా ఉండే భయం ఒక్కటే. పోగు తెగడం. పడుగులో వందల పోగులు ఉంటాయి. ఒకటి తెగితే మగ్గం ఆగుతుంది. తెగిన పోగు వెతికి, కొసలు కలిపి, వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ఆ అతుకు గుడ్డలో కనిపించకూడదు. అందుకని ముందే పడుగుకు గంజి పెడతారు. గంజి పోగు మీది నూగును అణుస్తుంది. ఒరిపిడిని తట్టుకునే శక్తి ఇస్తుంది.

ఇక్కడ మన సీమ గాలి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. పొడి గాలిలో నూలు పోగు తొందరగా తెగుతుంది. కొంచెం తేమ తగిలితే బలం పుంజుకుంటుంది. గుంత మగ్గంలో ఆ మేలు ఉంది. మగ్గం నేలకు దగ్గరగా ఉంటుంది. గుంతలోని చల్లదనం, తేమ పడుగుకు తగులుతాయి. వేసవిలో నేల మీద నీళ్లు చల్లుకుని నేసేది కూడా అందుకే.

మరి పట్టు సంగతి? పట్టు పోగు దీనికి తలకిందులు. పొడిగా ఉన్నప్పుడు పట్టుకు బలం ఎక్కువ. తడిసినప్పుడు తగ్గుతుంది. అందుకే అక్కచెల్లెళ్లకు ఒక మాట చెప్తాను. నూలు చీరను ఉతికి పిండినా తట్టుకుంటుంది. పట్టు చీరను తడిపినప్పుడు మెలిపెట్టి పిండవద్దు. పొడి తువ్వాలు మీద పరిచి, చుట్టి, నీళ్లు పీల్చనివ్వండి. నీడలో ఆరవేయండి.

ఒకటే నీళ్లు. నూలుకు బలం ఇస్తాయి. పట్టుకు బలం తీస్తాయి. కాబట్టి అన్ని నాజూకు వస్తువులకూ ఒకే పట్టు పనికిరాదు. దేని పట్టు దానిదే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మనుషుల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

అయితే చెయ్యి పెట్టకపోవడమే పట్టు అయిన చోట్లు కూడా ఉన్నాయి. దానికి ఉదాహరణ మన కలివికోడి.

లంకమల అడవుల్లో ఉండే చిన్న పిట్ట అది. రాత్రిపూట తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు, మన పల్లె మనుషుల సాయంతో దాన్ని కనుక్కున్నారు. ప్రపంచమంతా కడప వైపు చూసింది. ఆ తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్ట ఉండే చోటు కోసం తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చినారు.

ఆ పిట్టకు పెద్ద అడవి అక్కరలేదు. ముళ్లపొదలు ఉండాలి. పొదల నడుమ ఖాళీ నేల ఉండాలి. పొదలు దట్టంగా మూసుకుపోతే అక్కడ ఉండదు. పొదలు కొట్టి చదును చేసినా ఉండదు. చూసేవాళ్లకు అది పనికిరాని కంపచెట్ల బీడు. ఆ పిట్టకు అదే ఇల్లు. ఆ బీడును బాగుచేద్దామని యంత్రం తోలితే ఇల్లు పోతుంది. అక్కడ నాజూకుగా ఉండడమంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వడం.

రాయి చూసినాం. ఆకు చూసినాం. నూలు, పట్టు చూసినాం. పిట్టను చూసినాం. ఇక మనుషుల సంగతి.

ముందు పసిపిల్లలు. నడిచే పిల్లవాడు మారాం చేస్తే మనం ఏం చేస్తాం? ఒక్క చెయ్యి పట్టుకుని పైకి లాగుతాం. మెట్లు ఎక్కించేటప్పుడు, బస్సు ఎక్కించేటప్పుడు అట్లే లాగుతాం. అయిదేళ్ల లోపు పిల్లలకు మోచేతి దగ్గర కీలు పూర్తిగా బిగుసుకుని ఉండదు. అట్లా ఒక్క చెయ్యి పట్టుకుని లాగితే ఆ కీలు జారవచ్చు. పిల్లవాడు చెయ్యి కదపకుండా ఏడుస్తాడు. అప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పిల్లలను ఎత్తాలంటే రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి. నెలల బిడ్డనైతే మెడ కింద ఒక చెయ్యి తప్పనిసరి.

తర్వాత పెద్దవాళ్లు. మంచం మీదున్న అవ్వను లేపాలంటే మణికట్టు పట్టుకుని లాగవద్దు. వయసు పైబడినవాళ్ల చర్మం పలచబడుతుంది. గట్టిగా పడితే కమిలిపోతుంది. ముందు పక్కకు తిప్పండి. కాళ్లు కిందికి దించండి. వీపు వెనక చెయ్యి పెట్టి, మెల్లగా కూర్చోబెట్టండి. ఒక నిమిషం ఆగి, తల తిరగడం లేదని తెలుసుకుని, అప్పుడు నిలబెట్టండి. అవ్వా, లేపుతున్నా అని ముందే ఒక మాట చెప్పండి. చెప్పి ముట్టుకుంటే వాళ్ల ఒళ్లు బిగుసుకోదు.

చెప్పి ముట్టుకోవడం. ఇక్కడే మాట వచ్చింది. నాజూకు అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది మాటకే.

మన సీమ వాళ్లకు సూటిగా మాట్లాడతారని పేరు. అది మంచి పేరే. దాచిపెట్టకుండా చెప్పడం మన గుణం. కానీ సూటిగా చెప్పడం వేరు, గాయం చెయ్యడం వేరు. నాజూకుగా చెప్పమంటే అబద్ధం చెప్పమని కాదు. నిజాన్ని మార్చవద్దు. చోటు మార్చండి. సమయం మార్చండి. గొంతు మార్చండి. మళ్లీ చెప్తున్నాను. నిజం అదే ఉండాలి. చోటు, సమయం, గొంతు మారాలి.

ఒక సంగతి చూడండి. పక్క చేని రైతు బోరు వేసినాడు. నీళ్లు పడలేదు. ఇంకోటి వేసినాడు. దుమ్ము లేచింది. అప్పు మిగిలింది. ఊళ్లో అందరికీ తెలుసు. రచ్చబండ దగ్గర పదిమందిలో, ఏమప్పా, బోరు మళ్లీ పోయిందంట కదా అని అడిగితే, అడిగినవానికి అది ఒక కబురు. విన్నవానికి అది దెబ్బ. తల వంచుకుని లేచిపోతాడు. రెండు రోజులు ఆ దోవలో రాడు.

అదే మనిషి సాయంత్రం వాళ్ల ఇంటికి పోయినాడనుకోండి. అరుగు మీద కూర్చుంటాడు. పశువుల గురించి అడుగుతాడు. పిల్లల చదువు గురించి అడుగుతాడు. ఆ తర్వాత మెల్లగా, చెట్టు వాడకముందే మా మోటారు నీళ్లు రెండు తడులు పారించుకోప్పా, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అంటాడు. బోరు పోయిందన్న నిజం అక్కడ దాచలేదు. దాన్ని చేత్తో పట్టుకున్న తీరు వేరు. మన యాసలో ఆ చివరన వచ్చే అప్పా అనే పిలుపుకు ఎంత బలం ఉందో చూడండి. వద్దులే అనడం వేరు. వద్దులేప్పా అనడం వేరు. రెండోది కాదన్నా మనిషిని దగ్గరే ఉంచుకుంటుంది.

అప్పు అడగడం ఇంకో సందర్భం. పెండ్లి పందిట్లో, నలుగురి ముందర, నా డబ్బులు ఎప్పుడిస్తావు అని అడిగితే, ఆ డబ్బు వచ్చినా స్నేహం రాదు. అడగాల్సిన డబ్బే. అడగవద్దని నేను చెప్పను. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఇంత తేదీకి నాకు అవసరం పడింది, ఎంతవరకు సర్దగలవు అని అడగండి.

పరీక్ష తప్పిన పిల్ల విషయంలోనూ అంతే. ఫలితం వచ్చిన రోజు ఇంటికి వచ్చిన చుట్టం ముందర, ఇదిగో మా అమ్మాయి నిర్వాకం అనవద్దు. తప్పింది అన్నది నిజం. పిల్లకు ఆ నిజం మనకంటే ముందు తెలుసు. ఆ రోజు అన్నం పెట్టండి. పక్కన కూర్చోండి. మర్నాడు పుస్తకం తెరవండి. ఏ పాఠం దగ్గర తట్టుకున్నావమ్మా అని అడగండి. నూలుకు, పట్టుకు పట్టు వేరని చెప్పినాను కదా. ఒక బిడ్డకు కొంచెం గట్టిగా చెప్తే పట్టుదల వస్తుంది. ఇంకో బిడ్డ ఆ మాటకే ముడుచుకుపోతుంది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఎవరి పట్టు ఎట్లాంటిదో కన్నవాళ్లు కనిపెట్టుకోవాలి.

చివరిగా, ఈ మాటను తప్పుగా వాడే చోటు ఒకటి చెప్పాలి. ఇది మనసులో పెట్టుకుని వినండి.

మా పిల్ల నాజూకు, దానితో కాదులే అంటుంటాం. ఈ ఒక్క మాటతో ఎందరో ఆడపిల్లల ఆట ఆగిపోయింది. దూరపు కాలేజీ ఆగిపోయింది. ఇష్టపడిన ఉద్యోగం ఆగిపోయింది. మరి మన చుట్టూ చూడండి. ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు నుంచి ప్రతి ఏడూ కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతాయి. గుంటూరు వైపు మిరప కాయలు కోసేది ఎవరు? ఆదోని చుట్టుపక్కల పత్తి ఏరేది ఎవరు? ఆడవాళ్లే. పత్తి కాయ ముల్లు గుచ్చుకోకుండా, ఎండుటాకు పొడి కలవకుండా దూదిని ఏరడం నాజూకు పనే. రోజంతా నడుము వంచి ఆ పని చెయ్యడం బలమే. ఆ రెండూ ఒకే చేతిలో ఉన్నాయి. నాజూకు ఉన్న చోట బలం ఉండదనుకోవడం మన కళ్ల ముందరి నిజానికే విరుద్ధం.

మగపిల్లల విషయంలో ఈ మాట ఇంకో రకంగా గాయం చేస్తుంది. మెల్లగా మాట్లాడే పిల్లవాణ్ణి, కన్నీళ్లు పెట్టుకునే పిల్లవాణ్ణి, వీడు మరీ నాజూకు అని ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళికి భయపడి వాడు మొరటుతనం నేర్చుకుంటాడు. పగలూ కక్షలూ ఈ సీమకు ఎంత నష్టం చేసినాయో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే, ఎన్ని తగాదాలు గట్టు దగ్గరే తేలిపోయేవి! మెల్లగా మాట్లాడే మగవాడు మనకు కావాలి. ఎగతాళి చేసి వాణ్ణి పోగొట్టుకోవద్దు.

కాబట్టి ఈ ప్రసంగంలో చెప్పినదాన్ని ఒక్కసారి కూడగట్టి చెప్తాను. నాజూకు అంటే బలం లేనిదని కాదు. పట్టు తెలిసి ముట్టుకోవాల్సింది. బండను అంచు మీద మోస్తాం. ఆకును కాడతో గిల్లుతాం. నూలుకు తేమ చూపిస్తాం, పట్టును పిండకుండా ఆరవేస్తాం. కలివికోడి బీడును ముట్టుకోం. బిడ్డను చంకల కింద పట్టి ఎత్తుతాం. మాటను చోటు చూసి, సమయం చూసి చెప్తాం.

దీని నుంచి ఇంట్లో చెయ్యదగిన పని ఒకటి ఉంది. పిల్లలు గాజు గ్లాసు ముట్టుకోబోతే, అది నాజూకు, ముట్టుకోవద్దు, పగలగొడతావు అని కసురుతాం. ఆ మాటతో పిల్లలకు భయం వస్తుంది కానీ పట్టు రాదు. భయపడిన చేతిలోనే గ్లాసు జారుతుంది. ఇకమీదట ముట్టుకోవద్దు అనే బదులు, ఎట్లా పట్టుకోవాలో చెప్పండి. రెండు చేతులతో పట్టుకో, ఒక చెయ్యి అడుగున పెట్టు, మెల్లగా నడువు అని చెప్పండి. చేసి చూపించండి. ఒకటి పగిలితే పగలనివ్వండి. రెండోది పగలదు.

వస్తువుల దగ్గర అట్లా నేర్చుకున్న బిడ్డ, రేపు మనుషుల దగ్గర కూడా అట్లాగే నడుచుకుంటాడు. అందుకని నాజూకు అనే మాట నోట వచ్చిన ప్రతిసారీ, దాని వెంటనే పట్టుకునే తీరు కూడా చెప్పండి. కర్నూలు, కడప జిల్లాల తల్లిదండ్రులకు, పంతుళ్లకు, పెద్దలకు నా మనవి ఇదే.